కూలి రేటు గీసే గీతలు మనకూ రావాలి

యేటా మన పేటల నుంచి కొందరు పిల్లలు ఎమ్మే ఎకనామిక్స్ సీటు తెచ్చుకుని వాల్తేరు కొండ ఎక్కుతున్నారు. ఒకడి తండ్రి పోర్టులో కాంట్రాక్టు కూలీ. ఒకమ్మాయి తల్లి పూర్ణా మార్కెట్టు దగ్గర పళ్లబుట్ట పెట్టుకుని కూచుంటుంది. యింకొకడి తాత స్టీలు ప్లాంటు కింద వూరు పోయి, ఆర్ కార్డుని ట్రంకు పెట్టెలో దాచుకున్న మనిషి. మాల, మాదిగ, రెల్లి యిళ్ల పిల్లలు. తమ యింటి చరిత్రలో మొదటిసారి యూనివర్సిటీ గేటు దాటినవాళ్లు.

మొదటి సెమిస్టరులోనే వాళ్లకి ఒక పేపరు ఎదురవుతుంది. దాని పేరు సూక్ష్మ అర్థశాస్త్రం, అందరూ పిలిచే పేరు మైక్రో. ఆ పేపరు దగ్గర మన పిల్లలు ఆగిపోతున్నారు. కొందరు బ్యాక్‌లాగు పెట్టుకుని యీడుస్తున్నారు. కొందరు కోర్సే మార్చుకుంటున్నారు. కొందరు చెప్పకుండా యింటికి వచ్చేస్తున్నారు. మేం కొందరం ఆ దారిలోనే పడి లేచి, ఎలాగో ఒడ్డున పడ్డవాళ్లం. అందుకే యీ మాట రాస్తున్నాం.

మాలో ఒకరికి జరిగింది ముందు చెప్తాం. ఒక ఆదివారం యింటికి వెళ్తే నాన్న అడిగేడు: "ఏటి చదువుతున్నావురా అక్కడ?"

"మైక్రో ఎకనామిక్స్ నాన్నా."

"అంటే ఏటి?"

"ధరలు ఎలగ వస్తాయి, కూలి రేటు ఎలగ వస్తాది, అది చెప్తాది."

"అలగైతే చెప్పు. మా మేస్త్రీ రోజుకి యింతే ఎందుకిస్తన్నాడు? పక్క గేటులోనూ అంతే ఎందుకిస్తన్నారు?"

మావాడు నోరు మెదపలేకపోయాడు. కూలి రేటు నిర్ణయం మీద పరీక్షలో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాడు, కూలిచేసే తండ్రికి నాలుగు మాటలు చెప్పలేకపోయాడు. తప్పు తండ్రి ప్రశ్నలో లేదు. కొడుకు తెలివిలోనూ లేదు. ఆ చదువు చెప్పిన తీరులో వుంది. ఆ చదువుని మనం ఎవరిదో అనుకుని వదిలేసిన తీరులో కూడా వుంది.

మేం చెప్పదలిచింది ఒక్కటే. మైక్రో మన చదువు. దాన్ని వదిలిపెట్టి పారిపోకూడదు. ఉన్నదున్నట్టు మింగనూ కూడదు. నేర్చుకోవాలి, నేర్చుకుని మన కులాన్నీ మన కూలినీ దాని ముందు పెట్టి నిలదీయాలి.

కాంట్రాక్టరు చెప్పే లెక్క, చెప్పని లెక్క

క్లాసులో మేస్టారు బోర్డు మీద రెండు గీతలు గీస్తాడు. ఒకటి కిందికి దిగుతుంది, అది డిమాండు. ఒకటి పైకి ఎక్కుతుంది, అది సప్లయి. రెండూ కలిసిన చోట ధర. కూలికైనా అంతే, కందిపప్పుకైనా అంతే. ఆ చుక్క కన్నా కూలి పెంచితే పని అడిగేవాళ్లు ఎక్కువైపోతారు, పని యిచ్చేవాళ్లు తగ్గిపోతారు, నిరుద్యోగం వస్తుంది అని పాఠం.

ఈ పాఠం చదవని కాంట్రాక్టరుకి కూడా యిది కంఠతా వచ్చు. కూలి పెంచమని ఎప్పుడడిగినా ఒకటే మాట: "పెంచితే మనుషుల్ని తీసెయ్యాలి. మీ యిష్టం." ఆ మాటతో యూనియన్ వాళ్లే సగం మెత్తబడిపోతారు. యింట్లో ఆడవాళ్లు భయపడతారు. సమ్మె సగంలో చల్లారుతుంది.

కానీ ఆ రెండు గీతల పాఠానికి ఒక షరతు వుంది. దాన్ని పరిపూర్ణ పోటీ అంటారు. పని యిచ్చేవాళ్లు లెక్కలేనంత మంది వుండాలి, ఎవడికీ రేటు మీద పెత్తనం వుండకూడదు, యీ గేటులో నచ్చకపోతే కూలీ ఆ గేటుకి వెళ్లిపోగలగాలి. మన అనుభవంలో అలాంటి గేటు ఎక్కడుంది? మనకి తెలిసిన గేటు దగ్గర పని యిచ్చేవాడు ఒకడో యిద్దరో. వాళ్లిద్దరూ సాయంత్రం ఒకే చోట టీ తాగుతారు.

కొనేవాడు ఒక్కడే అయినప్పుడు లెక్క మారిపోతుందని చెప్పింది కూడా మైక్రోనే. కేంబ్రిడ్జిలో జోన్ రాబిన్సన్ అనే ఆవిడ 1933లో అసంపూర్ణ పోటీ మీద పుస్తకం వేసి, కొనేవాడి గుత్తాధిపత్యానికి మోనోప్సొనీ అనే పేరుని వాడుకలోకి తెచ్చింది. మన విశాఖ పోర్టు తెరిచింది కూడా ఆ 1933లోనే. ఓడలో సరుకు దించే కూలీకి ఆ పుస్తకం చేరలేదు. చేరవలసింది.

లెక్క చెప్తాం, వేళ్ల మీద వెయ్యండి. అంకెలు లెక్క కోసం పెట్టినవి. ఒక కాంట్రాక్టరు దగ్గర పదిమంది రోజుకి 400 చొప్పున చేస్తున్నారు. యింకో మనిషి కావాలి. పదకొండో మనిషి 420 యిస్తేగానీ రాడు. అతనికి 420 యిస్తే మిగతా పదిమందీ వూరుకుంటారా? వాళ్లకీ తలా 20 కలపాలి. అది 200. అంటే పదకొండో మనిషి వల్ల కాంట్రాక్టరుకి పడే ఖర్చు 420 కాదు, 620. ఆ మనిషి పని వల్ల అతనికి వచ్చేది 550 అనుకోండి. 70 నష్టం. అందుకని అతన్ని పెట్టుకోడు. పదిమంది చేతే పదకొండుమంది పని చేయిస్తాడు.

యిప్పుడు 420కి తక్కువ యివ్వకూడదని ప్రభుత్వం గట్టిగా నిలబడిందనుకోండి. పదిమందికీ 420 ఎలాగూ యివ్వాల్సిందే. పదకొండో మనిషికి కొత్తగా అయ్యే ఖర్చు 420 ఒక్కటే. వచ్చేది 550. 130 మిగులు. వెంటనే పెట్టుకుంటాడు. కూలీ పెరిగింది, పనీ పెరిగింది. మరి కాంట్రాక్టరు ఎందుకు గోలపెడతాడు? పదిమందికి 200 ఎక్కువిచ్చాడు, పదకొండో మనిషి మీద 130 సంపాదించాడు. అతని జేబులోంచి రోజుకి 70 పోయింది. ఆ ఏడుపు ఆ డెబ్బై కోసం. మన ఉద్యోగాల మీద ప్రేమతో కాదు.

ఒక్కమాట నిజాయితీగా చెప్పుకోవాలి. రేటుని 600కి తీసుకెళ్తే ఆ పదకొండో మనిషికి పని రాదు, అప్పుడు కాంట్రాక్టరు మాటే నిజమవుతుంది. ఎంతవరకు పెంచమని అడగాలి, ఎక్కడ ఆగాలి అనేది నినాదంతో తేలదు, లెక్కతో తేలుతుంది. అందుకే లెక్క మన చేతిలో వుండాలంటున్నాం.

యిది పుస్తకంలో మాట మాత్రమే కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992లో కనీస వేతనాన్ని గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే యిద్దరు రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో లెక్క తీశారు. వేతనం పెంచినచోట ఉద్యోగాలు తగ్గలేదని 1994లో ప్రకటించారు. పెద్ద పెద్దవాళ్లు వాళ్ల మీద విరుచుకుపడ్డారు. ఆ వాదన ఆగలేదు. కానీ 2021లో కార్డ్‌కి నోబెల్ బహుమతి యిచ్చారు. "పెంచితే ఉద్యోగాలు పోతాయి" అన్న మాట దేవుడి వాక్కు కాదని పండితులే ఒప్పుకున్నారు. మన గేటు దగ్గర యీ సంగతి ఎంతమందికి తెలుసు?

మన దేశంలో కనీస వేతనాల బిల్లుని 1946లో సభలో పెట్టింది ఎవరు? అప్పటి కార్మిక సభ్యుడు బాబాసాహెబ్ అంబేడ్కర్. 1948లో అది చట్టమయ్యేనాటికి కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. యిద్దరూ మనవాళ్లే. ఆ 1948లోనే డాక్ కార్మికుల చట్టం వచ్చింది. దాని కింద 1959లో విశాఖకి స్కీము వచ్చింది. మేస్త్రీ వేలు చూపించినవాడికే పని అనే పద్ధతి పోయి, పేరు రిజిస్టరులో వుంటే వంతు ప్రకారం పని అనే పద్ధతి వచ్చింది. బోర్డు మీద గీతలు తమంతట తాము ఆ మార్పు తేలేదు. గీతల లెక్క తెలిసినవాళ్లూ, గేటు దగ్గర నిలబడినవాళ్లూ కలిసి తెచ్చారు. 1997లో వచ్చిన యింకో చట్టం ఆ బోర్డులకి దారి మూసింది. కనీస వేతనాల చట్టం 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. లెక్క ఎవరి చేతిలో వుంటే చట్టం వాళ్లవైపు జరుగుతుంది.

బేరం తెగకపోతే ఎవరి పొయ్యి వెలుగుతుంది?

మైక్రోలో యింకో పాఠం బేరం గురించి. జాన్ నాష్ అనే గణితవేత్త 1950లో దీన్ని లెక్కలో పెట్టాడు. ఆ లెక్క భయపెట్టేలా వుంటుంది గానీ లోపలి మాట మన అమ్మలకి తెలిసిందే. బేరంలో ఎవరికి ఎంత దక్కుతుందనేది బేరం చెడిపోతే ఎవరి గతి ఏమిటి అన్నదాని మీద ఆధారపడి వుంటుంది.

పూర్ణా మార్కెట్టు దగ్గర పళ్లమ్మే మన రెల్లి అక్కని చూడండి. పొద్దున్నే తొమ్మిదొందలు చేతికిచ్చి సాయంత్రం వెయ్యి వసూలు చేసే వడ్డీవ్యాపారి దగ్గర పెట్టుబడి తీసుకుంటుంది. ఒక్క రోజుకి తొమ్మిదొందల మీద వంద. నూటికి పదకొండు రూపాయల పైమాట, అదీ రోజుకి. సాయంత్రానికి పండు మెత్తబడిపోతుంది. ఎండలో వాడిన పండుకి కారులో వచ్చినాయన ఎంత చెప్తే అంతే రేటు. ఆయన కొనకపోయినా ఆయన యింట్లో పండుంటుంది. ఈవిడ అమ్మకపోతే వడ్డీవాడు బుట్ట దగ్గరే నిలబడి వుంటాడు. బ్యాంకు ఎందుకివ్వదు? తాకట్టు లేదు గనక. తాకట్టు ఎందుకు లేదు? తాతలకి సెంటు భూమి దక్కనివ్వలేదు గనక. బ్యాంకు కొందరికి ఎక్కువ వడ్డీకి కూడా అప్పివ్వకుండా ఎందుకు తలుపు మూస్తుందో స్టిగ్లిట్జ్, వైస్ అనే యిద్దరు 1981లో సిద్ధాంతం చేశారు. ఆ పాఠం మన పిల్లలు ఎమ్మేలో చదువుతారు. చదువుతున్నప్పుడు వాళ్లమ్మ బుట్ట గుర్తుకు రావాలి. మేస్టారు గుర్తు చెయ్యడు. మనమే చెయ్యాలి.

యింకో వుదాహరణ. 2006లో ఉపాధి హామీ పని మొదలైనప్పుడు పల్లెల్లో పెత్తందార్లు ఎందుకంత గోలపెట్టారు? "కూలోళ్లు దొరకడం లేదు, సోమరిపోతులైపోయారు" అని ఎందుకు తిట్టారు? సోమరితనం కాదు. పెద్దకాపు పొలంలో పని కాదంటే పస్తే అన్న రోజు పోయింది. చెరువు పని వుంది. "నీ రేటుకి నేను రాను" అనడానికి మొదటిసారి ధైర్యమొచ్చింది. బేరం చెడినా పొయ్యి వెలిగింది. పెత్తందారుకి ఆ లెక్క మనకంటే ముందే అర్థమైంది. అతను ఎమ్మే చదవలేదు. కానీ తన లాభం లెక్క తనకి బాగా తెలుసు. మన లెక్క మనకి తెలియకపోవడమే అతని బలం.

పుస్తకంలో కులం ఎక్కడుంది?

యిక్కడ మన పిల్లలు నిలదీయాల్సిన చోటు వస్తుంది. ఎమ్మే మైక్రో పుస్తకాలు వరసగా తిరగెయ్యండి. కుత్సోయానిస్ పుస్తకం, వేరియన్ పుస్తకం, ఆపైన మాస్-కొలెల్ పుస్తకం. వందల పేజీలు. వినియోగదారుడు వుంటాడు, సంస్థ వుంటుంది, పోటీ వుంటుంది. ఆ వినియోగదారుడికి పేరుండదు, వాడ వుండదు. అతను ఏ టీకొట్టుకి వెళ్లినా ఒకే గ్లాసు. ఏ వీధిలో అడిగినా అద్దెకి యిల్లు దొరుకుతుంది. "మీరేవిట్లు?" అని ఎవరూ అడగరు. అలాంటి మనిషి మన దేశంలో ఎవడున్నాడో మాకు తెలీదు.

అలాగని ఎవరూ ఆలోచించలేదని కాదు. అమెరికాలో గేరీ బెకర్ 1957లో వివక్ష మీద పుస్తకం రాశాడు. నల్లవాళ్లని దూరం పెట్టే యజమాని తనకే నష్టం తెచ్చుకుంటాడు, ఎందుకంటే తక్కువకి దొరికే మంచి పనివాణ్ని పోగొట్టుకుంటున్నాడు. పోటీ గట్టిగా వుంటే అలాంటి యజమాని నిలబడలేడు అనే వాదన అందులోంచి వచ్చింది. వినడానికి బాగానే వుంది. మరి మన వూళ్లో వెయ్యేళ్లుగా ఆ పోటీ ఏం చేసింది? రెండు గ్లాసుల టీకొట్టు దివాలా తియ్యలేదేం?

దీనికి ఒక జవాబు 1976లో జార్జ్ అకర్లాఫ్ రాశాడు. ఆయన కులం పేరు పెట్టే ఆ వ్యాసం రాశాడు. కట్టుబాటు తప్పినవాణ్ని అందరూ కలిసి వెలివేస్తారన్న భయం వుంటే, కులం మీద నమ్మకం లేనివాడు కూడా కులాన్ని పాటిస్తాడని ఆయన వాదన. టీకొట్టువాడు ఒకే గ్లాసు పెడితే రెండో రోజు నుంచి పెద్ద వీధివాళ్లెవరూ రారు. అందుకని లాభం కోసమే రెండు గ్లాసులు పెడతాడు. బజారు కులాన్ని చంపలేదు. కులమే బజారుని నడిపింది.

మనకి యిది అకర్లాఫ్ చెప్పాలా? చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్లని చంపి కాలవలో వెయ్యడానికి ముందు ఏం చేశారు? సాంఘిక బహిష్కరణ. పనికి పిలవొద్దన్నారు. ముందు కూలి ఆపారు, తర్వాత గొడ్డలి ఎత్తారు. వెలి అనేది ఆచారం మాత్రమే కాదు, అది ఆర్థిక ఆయుధం. దాన్ని లెక్కలో పెట్టని సిద్ధాంతం మన వూరికి సరిపోదు.

చదువుకుని పట్నం వస్తే తప్పుతుందనుకుంటాం. సుఖదేవ్ థొరాట్, పాల్ అట్టెవెల్ అనే యిద్దరు పేపర్లలో పడిన ప్రైవేటు కంపెనీల ప్రకటనలకి దరఖాస్తులు పంపారు. ఒకే చదువు, ఒకే అర్హత, తేడా అల్లా పేరులోనే. 2007లో ఫలితం అచ్చయింది. అగ్రకులం పేరున్న దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశంతో పోలిస్తే దళిత పేరున్నదానికి మూడింట రెండు వంతులే. మనిషిని చూడలేదు, మాట వినలేదు. పేరు చూశారు. దీన్ని పట్టుకోవడానికి ఆ యిద్దరూ వాడింది ఏ చదువు? మనం భయపడి పారిపోతున్న యీ చదువుకి చెందినదే. కాబట్టి ఆ చదువులో మన మీదికి వచ్చే కత్తీ వుంది, మన చేతికి వచ్చే కత్తీ వుంది.

బాబాసాహెబ్ ముందు చదివింది ఏమిటి?

ఏప్రిల్ 14న కోటు వేసుకున్న ఫోటోకి దండ వేస్తాం. చేతిలో రాజ్యాంగం చూపిస్తాం. ఆయన మొట్టమొదట అర్థశాస్త్రవేత్త అని ఎన్ని సభల్లో చెప్పుకుంటున్నాం? 1913లో బరోడా రాజు స్కాలర్‌షిప్పుతో కొలంబియా వెళ్లి 1915లో ఎమ్మే చేసింది అర్థశాస్త్రంలో. లండన్‌లో 1923లో తీసుకున్న డాక్టరేటు రూపాయి సమస్య మీద. మధ్యలో 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠం చెప్పింది కూడా ఆ సబ్జెక్టే.

ఆ 1918లోనే ఆయన చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశాడు. పొలాలు ముక్కలై చిన్నవైపోయాయి, అందుకే వ్యవసాయం దెబ్బతింది, కాబట్టి కమతాలు కలిపెయ్యాలి అని అప్పట్లో పెద్దలు అంటుండేవారు. బాబాసాహెబ్ అడ్డు తిరిగాడు. కమతం చిన్నదా పెద్దదా అని ఎకరాలు కొలిచి చెప్పలేం, దానితోపాటు ఎంత పెట్టుబడి, ఎన్ని ఎడ్లు, ఎన్ని పనిముట్లు వున్నాయో చూడాలి అన్నాడు. భూమి మీద చేతులు ఎక్కువై ఖాళీగా పడున్నాయి, వాటికి పరిశ్రమల్లో పని చూపించడమే మందు అన్నాడు. నేల, కూలి, పెట్టుబడి ఏ పాళ్లలో కలవాలి అన్న ఆ ప్రశ్న అచ్చంగా మైక్రో ప్రశ్నే. ఇరవయ్యేడేళ్లకి మన మనిషి ఆ లెక్కతో పెద్దల నోరు మూయించాడు. తర్వాత 1936లో, కులం అంటే పనిని పంచుకోవడం కాదు, పనిచేసేవాళ్లని ముక్కలు చెయ్యడం అని ఆయన తేల్చి చెప్పినప్పుడు ఆ మాట వెనక యీ చదువు వుంది.

ఉక్కు ఫ్యాక్టరీ లెక్కలో మన వాటా

విశాఖ వుక్కు సంగతే తీసుకోండి. 1966లో ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ. 1971లో శంకుస్థాపన. 2021 జనవరిలో కేంద్రం నూటికి నూరుపాళ్లు అమ్మేస్తామంది. కార్మికులు రోడ్డెక్కారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఈ గొడవ మొత్తంలో మన చెవుల్లో మోగిన మాట "నష్టం, నష్టం, నష్టం".

నష్టం అంటే ఏమిటో మైక్రో చదివినవాడు అడగాలి. సొంత ఇనుప గనులున్న కంపెనీ తవ్వకం ఖర్చే రాసుకుంటుంది. విశాఖ వుక్కుకి సొంత గని లేదు, బజారు రేటుకి కొనాలి. ఎమ్మే మొదటి సెమిస్టరులోనే చెప్తారు: నీ దగ్గరున్న వస్తువుని నువ్వు వాడుకుంటే, దాన్ని అమ్మి వుంటే వచ్చే సొమ్ము కూడా ఖర్చులో రాయాలి. దాన్నే అవకాశ వ్యయం అంటారు. అలా రాస్తే గనులున్న కంపెనీ లాభంలో ఎంత భాగం వుక్కు చేసిన నేర్పు వల్ల వచ్చింది, ఎంత భాగం గని చేతిలో వున్నందుకు వచ్చింది తేలిపోతుంది. గని యివ్వకుండా "మీకు చేతకాలేదు" అనడం, కాళ్లు కట్టి పరుగుపందెంలో దింపడం. యిది నినాదం కాదు, లెక్క. ఈ లెక్క చెప్పగలిగిన మనవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మనకి యింకో లెక్క కూడా వుంది. ప్రభుత్వ ఫ్యాక్టరీ అయితే ఉద్యోగాల్లో మన వాటా చట్టం. ప్రైవేటు అయితే ఆ వాటా యిమ్మని చెప్పే చట్టం లేదు. ఫ్యాక్టరీ అమ్మితే ఎంత వస్తుందని లెక్కలేసే పెద్దమనుషులు ఆ పోయే ఉద్యోగాల్ని ఏ గడిలో రాస్తున్నారు? పోర్టు పక్క పాతబస్తీలో, జ్ఞానాపురంలో పిల్లలు పీల్చే బొగ్గు దుమ్ముని సరుకు ధరలో ఎక్కడ రాస్తున్నారు? ధరలో చేరని యిలాంటి ఖర్చుల గురించి పిగూ అనే ఆయన 1920లోనే రాశాడు. దుమ్ము పీల్చేవాడు రాసుకోలేదు గనక లెక్కలోకి రాలేదు.

పిల్లలు ఎందుకు ఆగిపోతున్నారు?

నిజం మాట్లాడుకుందాం. మన పిల్లలు డిగ్రీ దాకా తెలుగులో చదువుతారు. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ తీసుకుంటారు. లెక్కలు పదో తరగతితో ఆగిపోయాయి. ఎమ్మేలో మొదటి వారమే బోర్డు మీద కలన గణితం వస్తుంది. "మార్జినల్" అంటే యింకొక్కటి కలిపితే ఎంత తేడా వస్తుంది అని. పైన చెప్పిన పదకొండో కూలీ లెక్కే అది. తెలుగు పుస్తకంలో ఉపాంతం అని చదువుకున్న మాటే. కానీ దాన్ని ఇంగ్లీషులో, గుర్తులతో, ఒక్క గంటలో రాసి తుడిచేస్తే పిల్లలకి ఏం అందుతుంది? మాలో ఒకమ్మాయి నెల రోజులపాటు ఆ గుర్తుని ఇంగ్లీషు అక్షరం తప్పుగా రాశారేమో అనుకుని నోట్సులో దిద్దుకుంది. అడగడానికి భయం. అడిగితే ఏం జవాబొస్తుందో తెలుసు. అడిగిన ఒకరితో ఒక మేస్టారు అననే అన్నాడు: "కోటాలో వచ్చినవాళ్లకి ఈ థియరీ లెక్కలు ఎందుకు, గ్రామీణాభివృద్ధి తీసుకోకూడదూ?" తెలివి తక్కువ కాదు. మెట్లు లేని మేడ ఎక్కమని, ఎక్కలేకపోతే నవ్వుతున్నారు.

ఈ మాట అనేది వాళ్లే అయితే పోట్లాడేవాళ్లం. మనవాళ్లూ యింకో రకంగా అదే మాట అంటున్నారు. "అది పెట్టుబడిదారీ చదువు, అగ్రకులాల చదువు, మనకెందుకు? ఉద్యమానికి రా" అంటారు కొందరు అన్నలు. "గ్రూప్స్ రాసుకో, ఈ లెక్కలతో కడుపు నిండదు" అంటారు యింట్లోవాళ్లు. యింట్లోవాళ్ల మాటని తప్పుపట్టలేం. ఆకలి తెలిసినవాళ్ల మాట అది. అన్నలకి మాత్రం ఒక ప్రశ్న. న్యాయశాస్త్రం కూడా వాళ్లదే కదా? మనువు రాసింది కూడా ధర్మశాస్త్రమే కదా? శాస్త్రం వాళ్లదని బాబాసాహెబ్ వదిలేసి వుంటే మనకి మిగిలేదేమిటి? మన సభలో వేదిక మీద నినాదం మనది, కలెక్టరాఫీసులో బల్ల మీద లెక్క వాళ్లది. ఎన్నాళ్లిలా?

ఏం చెయ్యాలి?

అడగాల్సినవి అడుగుదాం. ఎమ్మే సీటు వచ్చిన మన పిల్లలకి క్లాసులు మొదలయ్యేముందు రెండు నెలలు తెలుగులో లెక్కలు చెప్పించాలి. సీటుతోపాటు మెట్టు కూడా యివ్వాలి. స్కాలర్‌షిప్పు డబ్బులు చదువు అయిపోయాక కాదు, చదువుతుండగా రావాలి. థియరీ పేపరుకి తెలుగులో మంచి నోట్సు కావాలి. వున్న డిగ్రీ పుస్తకాల్ని ఎమ్మే స్థాయికి పెంచాలి. ఇది యూనివర్సిటీని అడగాలి, సంక్షేమ శాఖని అడగాలి, అడుగుతూనే వుండాలి.

మనం చెయ్యాల్సినవి మనం చేద్దాం. పాసైన ప్రతి ఒక్కరూ కింద తరగతి పిల్లలు యిద్దరికి ఆ పేపరు చెప్పాలి. మేం మొదలుపెట్టాం, ఆదివారం సాయంత్రాలు, ఒక బోర్డు, ఒక చాక్‌పీసు. ముందు కూలి లెక్క, తర్వాత అప్పు లెక్క, తర్వాత భూమి రేటు, తర్వాత దుమ్ము లెక్క. ఈ నాలుగూ కార్యకర్తలు కూడా నేర్చుకోవాలి. గేటు దగ్గర కాంట్రాక్టరు "పెంచితే మనుషుల్ని తీసేస్తా" అన్నప్పుడు పదకొండో మనిషి లెక్క అక్కడికక్కడే నేల మీద రాసి చూపించగలగాలి.

తల్లిదండ్రులకి ఒక విన్నపం. మీ పిల్ల మొదటి పరీక్ష తప్పి యింటికి వస్తే "నీకు రాదులే" అనకండి. ముఖ్యంగా ఆడపిల్లని. పెళ్లి సంబంధం చూసేముందు యింకొక్క సెమిస్టరు ఆగండి. ఆ పేపరు రెండోసారి రాసి పాసైనవాళ్లమే మాలో ఎక్కువ.

మొదట్లో చెప్పిన తండ్రీ కొడుకుల సంగతి. మావాడు ఆ తర్వాత ఎన్నో ఆదివారాలకి మళ్లీ నాన్న దగ్గర కూచుని ఆ పదకొండో మనిషి లెక్క చెప్పాడు. అగ్గిపుల్లలు పేర్చి చెప్పాడు. ఆయన అంతా విని, పుల్లలు మళ్లీ మొదట్నుంచి తనే పేర్చుకుని, "అంటే మా మేస్త్రీకి ఇది ముందే తెలుసన్నమాట" అన్నాడు.

తెలుసు. యిక మనకీ తెలియాలి.

జై భీమ్.